పడమటి గాలిలో చిన్న కారు: ఏది కొనాలి, ఉన్నదాన్ని ఎంతవరకు సరిచేసుకోవచ్చు

హైదరాబాద్ నుంచి కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి దాదాపు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా రాయలసీమ మీద వీచే రుతుపవన గాలి పడమటి దిక్కు నుంచి వస్తుంది. కాబట్టి ఆ నాలుగు నెలలూ ఆ దారిన పోయే కార్లకు గాలి చాలావరకు పక్కనుంచే తగులుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది ఈ గాలిని నమ్ముకునే. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు రహదారి తూర్పు పడమరలకు దగ్గరగా ఉంటుంది కనుక, అక్కడ ఇదే గాలి ఎక్కువగా వెన్నుగాలిగానో ఎదురుగాలిగానో తగులుతుంది. ఒకే కారు విజయవాడ దారిలో కుదురుగా, అనంతపురం దారిలో ఊగిసలాడుతూ నడవడానికి ఇదొక కారణం. దీన్ని గమనించకుండా మెకానిక్ దగ్గరికి పరుగెత్తేవారు చాలామంది ఉన్నారు.

చిన్న కారు ఉన్నవారికి ఇక్కడ సాధారణంగా మూడు ప్రశ్నలు ఎదురవుతాయి. కారు మార్చాలా, టైర్ల వంటివి మార్చి సరిపెట్టుకోవచ్చా, లేక నడిపే తీరు మార్చుకుంటే చాలునా అన్నవే ఆ ప్రశ్నలు. ఈ మూడింటినీ పోల్చి చూడాలంటే ముందుగా గాలి కారును ఏం చేస్తుందో తెలియాలి. ఎందుకంటే "బరువు తక్కువ, అందుకే ఊగుతుంది" అన్న ఒక్క మాటతో కారు ఎంచుకున్నవారు తప్పు కారును ఎంచుకునే అవకాశం ఉంది.

వాతావరణ శాఖ హెచ్చరికల్లో "గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు" అని తరచూ వింటుంటాం. కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుండగా పక్కనుంచి 40 కిలోమీటర్ల గాలి వీస్తే, కారుకు ఆ రెండూ కలిసి ఒకే గాలిగా, ముందు భాగానికి సుమారు 22 డిగ్రీల ఏటవాలుగా తగులుతాయి. స్థూలంగా లెక్క వేస్తే, ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్ మీద ఆ గాలి పక్కకు నెట్టే బలం 80 నుంచి 100 కిలోల బరువుకు సమానంగా ఉంటుంది. కారు మొత్తం బరువే 850 కిలోలైనప్పుడు అది చిన్న బలమేమీ కాదు. అయితే టైర్లు రోడ్డును పట్టుకునే శక్తి అంతకంటే చాలా ఎక్కువ కనుక, పొడి రోడ్డు మీద మామూలు గాలికి కారు జారిపోదు. మనకు భయం పుట్టించేది ఈ నెట్టుడు కంటే, ఆ బలం కారు మీద ఎక్కడ పడుతుందన్నది.

ఏటవాలుగా తగిలే గాలి ఒత్తిడి కారు పక్కభాగమంతటా సమానంగా పడదు. ముందు చక్రాలు, ముందు తలుపుల ప్రాంతంలో అది ఎక్కువగా ఉంటుంది. కారు గరిమనాభి, అంటే బరువంతా ఒకచోట చేరినట్టుగా లెక్కించే బిందువు, దానికి వెనుకగా ఉంటుంది. తలుపును బందుల దగ్గర కాక అంచు దగ్గర తోస్తే తేలిగ్గా తిరిగినట్టే, గాలి కారు ముక్కును తనకు దూరంగా తిప్పుతుంది. ఆ తిప్పుడును అడ్డుకునే పని ప్రధానంగా వెనుక టైర్లది. అందువల్ల పక్కగాలిలో కారు నిలకడ నాలుగు విషయాల మీద ఆధారపడుతుందని చెప్పుకోవచ్చు: బరువుతో పోలిస్తే పక్కభాగం ఎంత పెద్దది, గరిమనాభి ఎంత ముందుగా ఉంది, ముందు వెనుక చక్రాల మధ్య దూరం ఎంత, వెనుక టైర్లు ఎంత గట్టిగా పట్టుకుంటాయి.

ఇంజను ముందున్న కారులో గరిమనాభి ముందుకు జరిగి ఉండటం ఒక విధంగా మేలే. 2009 నుంచి 2018 వరకు తయారైన టాటా నానో విషయంలో పరిస్థితి తారుమారుగా ఉండేది. దాని ఇంజను వెనుక ఉండేది, ఎత్తు 1652 మిల్లీమీటర్లు, బరువు సుమారు 600 కిలోలు మాత్రమే. దానికి ముందు 135, వెనుక 155 మిల్లీమీటర్ల వెడల్పున్న టైర్లు పెట్టడంలో వెనుక పట్టును పెంచాలన్న ఆలోచన స్పష్టంగా కనిపిస్తుంది. నగరంలో ఎంతో ఉపయోగపడిన ఆ కారును ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో చవకగా దొరుకుతోందని హైవే ప్రయాణాలకు కొనాలనుకునేవారికి, ఆ ఆలోచన మానుకోమనే నేను గట్టిగా చెబుతాను.

ఇక గాలి నిలకడగా వీస్తే ఇబ్బంది తక్కువే. స్టీరింగ్‌ను కొద్దిగా గాలి వైపు పట్టుకుంటే చాలు, చేతులు అలవాటు పడిపోతాయి. అసలు చిక్కంతా గాలి ఉన్నట్టుండి మొదలైనప్పుడు, ఉన్నట్టుండి ఆగినప్పుడు వస్తుంది. బెంగళూరు నుంచి హైదరాబాద్ వైపు వస్తున్నారనుకోండి. పడమర మీకు ఎడమ చేతివైపు ఉంటుంది. ఎడమ వరుసలో గంటకు 60 కిలోమీటర్లతో పోతున్న లారీని మీరు 100తో కుడివైపు నుంచి దాటుతున్నారు. లారీ పక్కన ఉన్నంతసేపూ అది గాలికి అడ్డుగోడలా ఉంటుంది, మీ చేతులు స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకుని ఉంటాయి. లారీ క్యాబిన్ దాటగానే ముందుగా మీ కారు ముక్కు గాలిలోకి వస్తుంది, వెనుక భాగం ఇంకా చాటునే ఉంటుంది. తిప్పే బలం అత్యధికంగా ఉండేది ఆ క్షణంలోనే. మూడున్నర మీటర్ల పైచిలుకు పొడవున్న కారు మొత్తం ఆ చాటు నుంచి బయటపడటానికి సెకనులో మూడో వంతు పడుతుంది. మనిషి ఆ కదలికను గ్రహించి చేతులు కదిలించేలోపే అది ముగిసిపోతుంది. డ్రైవరు చేసే సవరింపు ఆలస్యంగా, తరచూ అవసరానికి మించి జరుగుతుంది. దాన్ని మళ్లీ సరిచేయబోతే కారు రెండోవైపు ఊగుతుంది. "కారు నా మాట వినడం లేదు" అన్న భావన చాలావరకు ఇక్కడే పుడుతుంది.

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లేటప్పుడు తీరు వేరు. గాలి కుడివైపు నుంచి వస్తూ మిమ్మల్ని లారీ వైపుకే నెడుతుంది. లారీకీ మీకూ మధ్య ఎడం ఎక్కువ ఉంచాల్సింది ఈ దిశలోనే. తిరుగు ప్రయాణంలో కారు కుడివైపు డివైడరు వైపుకు నెట్టబడుతుంది కనుక అప్పుడు డివైడరుకు మరీ ఆనుకుని పోకూడదు.

ఏ కారు ఎలా ఉంటుంది

కారు కొనేటప్పుడు షోరూంలో ఎవరూ చెప్పని ఒక లెక్కను మనమే వేసుకోవచ్చు. పొడవును ఎత్తుతో గుణించి, వచ్చినదాన్ని బరువుతో భాగిస్తే, ఒక టన్ను బరువుకు ఎన్ని చదరపు మీటర్ల పక్కభాగం గాలికి ఎదురు నిలుస్తుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. కిటికీల వాలు, చక్రాల కింది ఖాళీ ఇందులో లెక్కకు రావు. అయినా రెండు కార్లను పోల్చడానికి ఇది బాగానే పనికొస్తుంది.

మారుతి వ్యాగన్ ఆర్ పొడవు 3655, ఎత్తు 1675 మిల్లీమీటర్లు. బరువు సుమారు 830 కిలోలు అనుకుంటే, టన్నుకు 7.4 చదరపు మీటర్లు వస్తుంది. స్విఫ్ట్ పొడవు 3860, ఎత్తు 1520, బరువు సుమారు 910 కిలోలు; దానికి 6.4 వస్తుంది. ఆల్టో కె10 పొట్టిగా ఉన్నా బరువు మరీ తక్కువ కనుక 7కు పైనే ఉంటుంది. టాటా టియాగో 6కు దగ్గరగా ఉంటుంది. టాటా పంచ్ ఎత్తు 1615 మిల్లీమీటర్లు ఉన్నా, బరువు వెయ్యి కిలోల స్థాయిలో ఉండటం వల్ల అది కూడా 6కు అటూ ఇటూ తేలుతుంది. గాలి నెట్టుడుకు కారు లోనయ్యే తీరులో వ్యాగన్ ఆర్‌కూ స్విఫ్ట్‌కూ మధ్య 15 శాతం తేడా ఉందని దీని అర్థం.

అయితే ఈ ఒక్క అంకెతో తీర్పు చెప్పకూడదు. వ్యాగన్ ఆర్ వెనుక భాగం నిట్టనిలువుగా, వెడల్పుగా ఉంటుంది. అలాంటి ఆకారం మీద గాలి వెనుక కూడా కొంత పట్టు తీసుకుంటుంది కనుక ముక్కు తిరగడం కొంత తగ్గుతుంది, కారు మొత్తంగా పక్కకు జరగడం ఎక్కువవుతుంది. వెనుక భాగం గుండ్రంగా వాలిన కార్లలో దీనికి విరుద్ధంగా, పక్కకు జరగడం తక్కువ, ముక్కు తిరగడం ఎక్కువ. డిక్కీ ఉన్న సెడాన్ హ్యాచ్‌బ్యాక్ కంటే తప్పకుండా స్థిరంగా ఉంటుందన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. డిజైర్ పొడవు 3995 మిల్లీమీటర్లే అయినా, చక్రాల మధ్య దూరం స్విఫ్ట్‌లాగే 2450. వెనుక డిక్కీ మీద ఎత్తు తక్కువ కనుక గాలి ఒత్తిడి ముందు భాగం వైపే ఎక్కువగా నిలుస్తుంది. పొడవు పెరగడం వల్ల కారు తిరగడం కొంత నిదానించడం దానికి కలిసివచ్చే అంశం. డిక్కీ అవసరం ఉన్నవారు డిజైర్ కొనుక్కోవచ్చు, గాలి కోసమే అయితే ఆ అదనపు ఖర్చు పెట్టనక్కరలేదు.

నా దృష్టిలో ఈ తరగతిలో పక్కగాలికి ఎక్కువ నెమ్మదిగా స్పందించే ఆకారం బలెనోది. ఎత్తు 1500, వెడల్పు 1745, చక్రాల మధ్య దూరం 2520 మిల్లీమీటర్లు. అది బరువైన కారేమీ కాదు. కానీ ఎత్తు తక్కువ, చక్రాల మధ్య దూరం, వెడల్పు ఎక్కువ ఉన్న కారు గాలికి తిరిగినా తాపీగా తిరుగుతుంది, డ్రైవరుకు సవరించుకునే వ్యవధి దొరుకుతుంది. పంచ్ వంటి ఎత్తైన కారు బరువు వల్ల పక్కకు తక్కువ జరిగినా, ఎత్తులో కూర్చున్నవారికి దాని ఊపు ఎక్కువగా తెలుస్తుంది. అలవాటు పడితే అది ప్రమాదమేమీ కాదు, కానీ కారులో పెద్దవారు ఉంటే భయపడతారు.

ఎలక్ట్రిక్ కార్ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. బ్యాటరీ బరువు కింద చేరడం వల్ల టియాగో ఈవీ, పెట్రోలు టియాగో కంటే బరువుగా, గరిమనాభి మరింత కిందుగా ఉంటుంది. పక్కగాలిలో ఇది నిజమైన లాభం. అదే ఎంజీ కామెట్‌ను తీసుకుంటే, అది 2974 మిల్లీమీటర్ల పొడవు, 1640 ఎత్తు, చక్రాల మధ్య 2010 మాత్రమే దూరం ఉన్న నగరపు కారు. దాన్ని ఆషాఢ మాసపు గాలిలో అనంతపురం హైవే మీదికి తీసుకెళ్లడం ఆ కారుకు చెప్పని పని చెప్పడమే.

ఈఎస్‌పీ (కారు జారకుండా చక్రాలకు విడివిడిగా బ్రేకు వేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఉంటే గాలికి భయం లేదని సేల్స్‌మెన్ అంటుంటారు. కారు జారడం మొదలైనప్పుడు ప్రాణాలు కాపాడే ఏర్పాటు అది, తప్పకుండా ఉండాల్సిందే. కానీ మనం మాట్లాడుకుంటున్న ఊపు దాని లెక్కలో జారుడు కాదు కనుక, చాలా చిన్న కార్లలో అది ఈ ఊపును పట్టించుకోదు. పక్కగాలిని గుర్తించి గాలి వైపు చక్రాలకు బ్రేకు వేసే ప్రత్యేక ఏర్పాటును మెర్సిడెస్ బెంజ్ 2013లో తన స్ప్రింటర్ వ్యానులో తెచ్చింది. మన చిన్న కార్లలో అలాంటిదేదో ఉందనుకుని కొనకండి.

ఉన్న కారును సరిచేసుకోవడం

కారు మార్చే ముందు ఒక పరీక్ష చేయండి. గాలి లేని తెల్లవారుజామున అదే రోడ్డు మీద అదే వేగంతో నడపండి. అప్పుడు కూడా కారు అటూ ఇటూ వెతుక్కుంటుంటే తప్పు గాలిది కాదు. వీల్ అలైన్‌మెంట్, లోయర్ ఆర్మ్ బుష్‌లు, టై రాడ్ ఎండ్‌లు, షాకబ్జర్లు, వెనుక యాక్సిల్ బుష్‌లు చూపించాలి. చాలామంది ముందు భాగం మాత్రమే చూపించి వచ్చేస్తారు. ముక్కు తిరగకుండా ఆపేది వెనుక చక్రాలే అయినప్పుడు, వెనుక బుష్ అరిగితే ముందు ఎంత బాగు చేసినా ప్రయోజనం ఉండదు.

తర్వాత టైర్లలో గాలి ఒత్తిడి. డ్రైవరు తలుపు దగ్గర అతికించిన స్టిక్కరు మీద ఇద్దరు మనుషులకు ఎంత, పూర్తి బరువుకు ఎంత అన్నది రాసి ఉంటుంది. చాలా కార్లలో రెండో అంకె వెనుక చక్రాలకు ఎక్కువగా ఉంటుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడు ఆ అంకె చూసే గాలి కొట్టించాలి. ఐదారు పీఎస్‌ఐ తగ్గినా టైరు పక్కగోడ మెత్తబడి, స్టీరింగ్ తిప్పినదానికీ కారు కదిలేదానికీ మధ్య ఒక ఎడం ఏర్పడుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు కనుక అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే. ఒకవేళ రెండు టైర్లే కొత్తవి వేయించగలిగితే వాటిని వెనుకనే వేయించండి. కొత్త టైర్లు ముందు చక్రాలకే వేయాలని చాలా షాపుల్లో అంటారు, ఆ మాట వినకండి.

టైరు సైజు మార్చడం వల్ల వచ్చే తేడా కూడా తక్కువేమీ కాదు. వ్యాగన్ ఆర్ చవక వేరియంట్లకు 155/80 ఆర్ 13 (వెడల్పు 155 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ 13 అంగుళాలు), పై వేరియంట్లకు 165/70 ఆర్ 14 టైర్లు వస్తాయి. మొదటిదాని పక్కగోడ ఎత్తు 124 మిల్లీమీటర్లు, రెండోదానిది 115.5. పక్కగోడ పొట్టిదైతే టైరు పక్కకు వంగడం తగ్గి, కారు వెంటనే స్పందిస్తుంది. కొత్త కారు కొనేవారు వేరియంట్ ఎంచుకునేటప్పుడు మ్యూజిక్ సిస్టం కంటే ముందు ఈ తేడాను చూడాలి. 14 అంగుళాల రిమ్ ఉన్నవారు 175/65 ఆర్ 14 దాకా వెళ్లవచ్చు, మొత్తం వ్యాసం దాదాపు మారదు. అంతకు మించిన వెడల్పు వేయిస్తే మైలేజీ తగ్గుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, రోడ్డు మీది గాడుల వెంట కారు లాగుతుంది. లోడ్ రేటింగ్ (టైరు మోయగల బరువు) కంపెనీ ఇచ్చినదాని కంటే తక్కువ ఉన్న టైరును ఏ ధరకు ఇచ్చినా తీసుకోవద్దు.

యాక్సెసరీ షాపుల్లో అతికించే వెనుక స్పాయిలర్ పక్కగాలికి చేసేదేమీ లేదు. డిక్కీలో బరువు వేస్తే కారు కుదురుగా ఉంటుందన్న నమ్మకం మరింత నష్టం చేస్తుంది. వెనుక చివర పడిన బరువు గరిమనాభిని వెనక్కు లాగుతుంది, గాలి ఒత్తిడికీ దానికీ మధ్య దూరం పెరుగుతుంది, ముక్కు మరింత తేలిగ్గా తిరుగుతుంది. పైన క్యారియర్ మీద సామాను కట్టడం అంతకంటే చెడ్డది. ముందు సీట్లో ఒక మనిషి తోడుగా కూర్చుంటే మాత్రం మేలే: బరువు పెరుగుతుంది, చక్రాల మధ్యలోనే పడుతుంది. గాలికి ఎక్కువగా లోనయ్యేది ఒంటరిగా నడిపే ఖాళీ కారు, లేదా డిక్కీ నిండా, పైకప్పు నిండా సామాను వేసుకున్న కారు.

వేగం తగ్గించడం ఎంత మేలు చేస్తుంది

నాలుగు వరుసల డివైడర్ రహదారుల మీద కార్లకు గంటకు 100 కిలోమీటర్ల దాకా అనుమతి ఉంది. పక్కగాలి బలం స్థూలంగా కారు వేగాన్ని గాలి వేగంతో గుణించినదానికి అనుగుణంగా పెరుగుతుంది. కాబట్టి 100 నుంచి 80కి దిగితే నెట్టుడు సుమారు ఐదో వంతు తగ్గుతుంది. వ్యాగన్ ఆర్ నుంచి స్విఫ్ట్‌కు మారితే వచ్చే లాభం కంటే ఇది తక్కువ కాదు. పైగా వేగం తగ్గేకొద్దీ టైర్లు కారు తిరుగుడును మరింత బలంగా అణచివేస్తాయి, అదే కోణంలో తిరిగినా ఒక సెకనులో కారు పక్కకు జరిగే దూరం తగ్గుతుంది. అందుకే లెక్కలో ఐదో వంతు అయినా, చేతులకు తెలిసే తేడా అంతకంటే చాలా ఎక్కువగా ఉంటుంది. అకస్మాత్తుగా గాలి తగిలినప్పుడు మాత్రం యాక్సిలరేటర్ మీద కాలు ఒక్కసారిగా తీయకూడదు, బ్రేకు తొక్కకూడదు. బరువు ముందుకు వాలి వెనుక టైర్లు తేలికవుతాయి, అప్పుడు మనకు కావలసింది సరిగ్గా వాటి పట్టే. బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన వంటి చోట్ల, ఎత్తైన కట్టల మీద, ఫ్లైఓవర్ల మీద గాలి చాటు లేకుండా తగులుతుంది కనుక వేగం ముందే తగ్గించుకోవాలి.

ఇప్పుడు ఎంపిక విషయానికి వస్తే, ఏడాదిలో ఒకటి రెండుసార్లే ఆ దారిన వెళ్లేవారు వ్యాగన్ ఆర్ వంటి ఎత్తైన కారును మార్చనక్కరలేదు. నగరంలో ఎక్కి దిగడానికి, వృద్ధులు కూర్చోడానికి దానికున్న సౌకర్యం రోజూ ఉపయోగపడేది. టైర్లు, బుష్‌లు సరిచూసుకుని, గాలి ఉన్న రోజు 80 దాటకుండా నడిపితే చాలు. ప్రతి నెలా ఆ గాలిలో బెంగళూరు వెళ్లివచ్చేవారికి మాత్రం ఎత్తు తక్కువ ఉన్న, చక్రాల మధ్య దూరం ఎక్కువ ఉన్న హ్యాచ్‌బ్యాక్ మేలు. బడ్జెట్ బిగువుగా ఉంటే, కొత్త చవక కారు కంటే సర్వీసు రికార్డు సరిగా ఉన్న మూడు నాలుగేళ్ల పాత బలెనో తరగతి కారును నేను ముందుగా చూస్తాను. ఎత్తైన సీటు తప్పనిసరిగా కావలసినవారు పంచ్ వంటి బరువైనదాన్ని, లేదా ప్రయాణ దూరానికి సరిపడే చార్జింగ్ ఏర్పాటు ఉంటే కింద బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ కారును పరిశీలించవచ్చు.

ఏది అనుకున్నా, టెస్ట్ డ్రైవ్‌ను షోరూం చుట్టుపక్కల సందుల్లో ముగించవద్దు. గాలి వీచే మధ్యాహ్నం పూట, బయటి రింగు రోడ్డు మీద గానీ ఊరి బయటి ఫ్లైఓవర్ మీద గానీ, అనుమతించిన వేగంలో నడిపి చూడండి. మీరు కొనబోయే వేరియంట్‌కు వచ్చే టైర్లే ఆ టెస్ట్ డ్రైవ్ కారుకు కూడా ఉన్నాయో లేదో ముందే అడగండి. షోరూంల్లో ఎక్కువగా పై వేరియంట్‌నే నడపనిచ్చి, కింది వేరియంట్‌ను అమ్ముతారు.